పచ్చి ఇటుకల గోడ

"ఈ గోడ పక్కన నువ్వు పడుకుంటావా?"

అడిగింది కాపలాదారు భార్య. చంకలో చంటిపిల్ల, రెండో చేతిలో ఖాళీ బకెట్టు. అడిగించుకున్నది ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్న అమ్మాయి. మోచేతుల దాకా మట్టి, జుట్టులో మట్టి, చెవి వెనక మట్టి. అడిగినావిడ గొంతులో వెటకారం లేదు. చెప్పులు కొనేటప్పుడు "ఇవి ఎన్నాళ్ళు ఆగుతాయి?" అని అడిగినట్టే అడిగింది. ఆ గదిలో పడుకోబోయేది ఆవిడా, ఆవిడ మొగుడూ, ఆ చంటిదీ కాబట్టి అడిగింది.

అమ్మాయి చేతుల మట్టి దులుపుకుంది. చివరికి "మా సార్‌ని అడిగి చెబుతానండీ" అంది.

తను కట్టిన గోడ గురించి ఇంకొకరిని అడిగి చెబుతాననడం కంటే సిగ్గుమాలిన జవాబు లేదని ఆ మాట నోట్లోంచి జారిన క్షణంలోనే ఆమెకి తెలిసింది. ఒళ్ళు మండిపోయింది, ముందు తన మీద, తర్వాత అందరి మీద.

క్లాసులో ఆమెని మూలమట్టం అని పిలిచేవాళ్ళు. గోడ మూల సరిగ్గా తిరిగిందో లేదో చూసుకోడానికి మేస్త్రీలు ఆనించే ఇనప కొలబద్ద అది. ఏ వంకరా ఆమె కంట పడకుండా పోదనీ, పడ్డాక నోరు ఊరుకోదనీ ఆ పేరు పెట్టారు. ఏడిపించడానికే పెట్టారు. ఆమె మాత్రం దాన్ని తన చెక్క స్కేలు మీద చాకుతో చెక్కుకుని, ఏడిపించే సరదా కూడా లేకుండా చేసింది.

"ఆడపిల్లకి అంత కోపమేమిటమ్మా" అని చుట్టాలు దీర్ఘాలు తీసేవాళ్ళు. కోపం గాల్లోంచి ఊడిపడదు. ఆమె కోపం ఒక గోడలోంచి పుట్టింది.

వాళ్ళమ్మ కర్టెన్లు కుట్టేది. అద్దెకున్న ఒకటిన్నర గదిలో కుట్టుమిషను పెట్టుకోడానికి కిటికీ పక్క గోడ ఒక్కటే చోటు. ఆ గోడ ఏడాదిలో సగం రోజులు చెమర్చేది. మోకాలి ఎత్తు దాకా సున్నం పెచ్చులు లేచి, రాలి, తెల్ల గుడ్డ మీద పడి పసుపు మరకలు కట్టేవి. మరక పడిన కర్టెన్ కూలి దుకాణంవాడు కోసేసేవాడు. ఆ గోడవైపే పడుకునే అక్కకి దగ్గు పట్టుకుంటే వదిలేది కాదు. అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి గోడని అరచేత్తో తట్టి, "గోడకి జలుబు చేసిందమ్మా, ఎండ కాస్తే అదే తగ్గిపోతుంది" అని తన జోక్‌కి తనే నవ్వుకుని, వానలు వెలిశాక ఓ పూత రంగు వేయించి పోయేవాడు. పై ఏడు రంగుతో సహా పెచ్చు రాలేది.

రెండో సంవత్సరంలో పునాదుల పాఠం చెబుతుంటే ఆమెకి అసలు సంగతి తెలిసింది. నేలలోని తేమ గోడలోకి ఎగబాకకుండా పునాది మీద ఒక పల్చటి పొర వేస్తారు. వాళ్ళింటికి అది వెయ్యలేదు. ఇల్లంతటి ఖర్చులో ఆ పొర ఖర్చు తలుపుల గొళ్ళేల ఖర్చంత. అక్క దగ్గు, అమ్మ కూలి కోతలు, ఆ పసుపు మరకలు అన్నీ ఎవడో గొళ్ళేల ఖర్చంత మిగుల్చుకోడానికి! క్లాసు మధ్యలో ఆమె పెన్సిలు విరిచేసింది. పక్కన కూర్చున్న పొడుగాటి కుర్రాడు (క్లాసంతా అతన్ని నిచ్చెన అనేది) "ఏమైంది?" అన్నాడు. "మా ఇంటాయనకి జలుబు చేయించాలి" అంది.

ఇక ఆ చదువు సంగతి. ఇల్లు కట్టే విధానాలు, కట్టడానికి వాడే సామగ్రి అని ఒక సబ్జెక్టు ఉంది. అయిదేళ్ళ కోర్సులో మనిషి నెత్తిమీద పైకప్పు పడకుండా చూసే సబ్జెక్టు అదొక్కటే. విద్యార్థులు దాన్ని చిన్నచూపు చూస్తారు, అధ్యాపకులు ఇంకా చిన్నచూపు చూస్తారు. ఇటుకని ఏటవాలు గీతలతో, కాంక్రీటుని చుక్కలతో, చెక్కని వంకర గీతలతో గీయడం నేర్పుతారు. గీత శుభ్రంగా ఉంటే మార్కులు. ఒక అట్టకి జిగురుతో అంటించిన రాతి ముక్కలు, టైలు ముక్కలు గాజు బీరువాలో ఉంటాయి, బీరువా తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. మూడేళ్ళుగా ఇటుకలు గీస్తున్న వాళ్ళకి ఎండిన ఇటుక ఎంత నీళ్ళు పీలుస్తుందో తెలీదు. మూలమట్టం ఇంటికెళ్ళే దారిలో కడుతున్న ఇళ్ళ ముందు ఆగి, ఇటుకా ఇటుకా కొట్టి మోత వినేది, బకెట్లో ముంచి బుడగలు చూసేది. "ఏమ్మాయ్, ఇటుకలకి స్నానం చేయిస్తున్నావా?" అని మేస్త్రీలు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకునేది.

అలాంటి కాలేజీకి మట్టిమాస్టారు వచ్చాడు.

ఆయన అసలు పేరు వేరే ఉంది, ఎవరూ వాడరు. మోటు నేత చొక్కా, క్లాసులో చెప్పుల్లేని కాళ్ళు. చెప్పులు కార్లో ఉంటాయి. "మట్టికి అహంకారం లేదు పిల్లలూ" అని మొదలుపెట్టేవాడు. "సిమెంటు మాట్లాడుతుంది, మట్టి వింటుంది" అనేవాడు. పిల్లలు తన్మయంగా తలలూపేవాళ్ళు. ఇటువంటి మాటలకి ఒక సౌకర్యం ఉంది. వాటిని ఎవరూ కొలిచి చూడలేరు. మట్టి ఏమీ వినదు. మట్టిలో ఇసకపాలు ఎంత, బంకపాలు ఎంత, నీళ్ళు ఎన్ని, అదే దానికి తెలిసిన భాష.

అయితే చెప్పాల్సింది చెప్పాలి. ఆ ఉపన్యాసాల మధ్య ఆయన నిజంగా పాఠం చెప్పేవాడు, ఆ కాలేజీలో అంత బాగా ఎవరూ చెప్పలేదు. గాజు సీసాలో మట్టీ నీళ్ళూ కలిపి కుదిపి, ఏ పొర ముందు దిగిందో చూపించాడు. తడిమట్టి ఉండ చేసి ఛాతీ ఎత్తునుంచి వదిలి, అది పగిలిన తీరుని బట్టి నీళ్ళు ఎక్కువో తక్కువో చెప్పాడు. మట్టిలో కాస్త సిమెంటు కలిపి అచ్చు యంత్రంలో నొక్కి చేసే ఇటుకని కాల్చక్కర్లేదు గానీ, మూడు నాలుగు వారాలు తడుపుతూ, గోనెపట్టా కప్పి ఓపిగ్గా ఉంచాలనీ, తొందరపడి పేరిస్తే అది ఇటుక కాదు, ఎండిన బురద అనీ బల్ల గుద్ది చెప్పాడు. పరీక్షలో అదే ప్రశ్న ఇచ్చాడు. మూలమట్టం అదే జవాబు రాసింది. పూర్తి మార్కులు వేసి పక్కన "భేష్" అని కూడా రాశాడు.

తెలియనివాడు తప్పు చేస్తే జాలిపడొచ్చు. ఆయనకి తెలుసు. ఇక్కడి నుంచి జరిగినదంతా చదివేటప్పుడు ఆ భేష్‌ని గుర్తుంచుకోవాలి.

మూడో సంవత్సరం చివర "చేతులతో నేర్చుకుందాం" అని పది రోజుల వర్క్‌షాపు ప్రకటించారు. అందరూ రావాలి, దాని మార్కులు లేకపోతే ఆ సబ్జెక్టు పాసవ్వరు. ఫీజు వేరే. అది వాళ్ళమ్మ నెల సంపాదన కంటే ఎక్కువ. అక్క మొగుడు ఇస్తానన్నాడు. సరుకుల లారీ నడిపే మనిషి, చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది.

"ఏం మరదలా, డబ్బు కట్టి మరీ కూలికెళ్తున్నావట?"

"కూలి కాదు బావా, వర్క్‌షాపు."

"ఏం చేస్తారక్కడ?"

"మట్టి జల్లించి, కలిపి, ఇటుకలు చేసి, గోడ కడతాం."

"మరి మా లారీలో ఎక్కే వాళ్ళూ అదే చేస్తారు కదే! వాళ్ళకి సాయంత్రం చేతిలో డబ్బులు పెడతారు. మీరు ఎదురు పెడుతున్నారు. అందుకేనా ఇంత చదువు!"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"అర్థమైంది కాబట్టే ఇస్తున్నా. ఊరికే కాదు, అప్పు. ఉద్యోగం రాగానే తీర్చాలి." వాళ్ళక్క వెనక నుంచి అతని వీపు మీద ఒక్కటి వేసింది.

ఊరి చివర కొత్తగా వేస్తున్న కాలనీలో ఆ స్థలం. ముందు పెద్ద ఇల్లు, మామూలు కాంట్రాక్టరు కడుతున్నాడు. కాల్చిన ఇటుక, కాంక్రీటు స్తంభాలు, మెట్లకి నల్లరాయి. వెనక గోడవారన కాపలాదారుకి ఒక గది, అది మట్టి ఇటుకల్లో, విద్యార్థుల చేత. పెద్దింటికెందుకు మట్టి వాడలేదని ఎవరూ అడగలేదు. మట్టికి అహంకారం లేదు గదా, వెనక గదితో సరిపెట్టుకుంది.

మొదటి రెండు రోజులు నిజంగా బాగున్నాయి. ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. జల్లెడ పట్టి మట్టిని మెత్తగా రాలుస్తుంటే చేతులకి ఒక లెక్క తెలిసింది. అచ్చు యంత్రం పొడుగాటి పిడికి ముగ్గురు వేలాడితే మట్టి కిర్రుమని మూలిగి, మూత తీయగానే అంచులు పదునుగా, తడిగా, ఇటుక బయటికొచ్చేది. నిచ్చెన పిడిని ఒక్కడే నొక్కబోయి పిడితో పాటు గాల్లోకి లేచాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చేసిన ఇటుకలని వరసలుగా పేర్చి, తడిపి, పట్టాలు కప్పారు.

మూడో రోజు సిమెంటు తక్కువైంది. పెద్దింటి కాంట్రాక్టరు మనుషులు రెండు బస్తాలు పట్టుకుపోయారు. "సగం పాలు వేయండి, చాలు" అన్నాడు మట్టిమాస్టారు. ఆ పట్టాలు కూడా పెద్దింటి స్లాబు మీద కప్పడానికి పోయాయి. కొత్త ఇటుకలు బోసిగా ఎండలో పడున్నాయి.

నాలుగో రోజు పొద్దున, "ఇవాళ గోడ మొదలుపెడదాం" అన్నాడు.

మూలమట్టం తాపీ కింద పెట్టింది. "సార్, ఇటుకలు ఇంకా పచ్చివి."

"ముగింపు రోజున అతిథి వస్తున్నారమ్మా. పత్రికవాళ్ళు వస్తున్నారు. అప్పటికి గోడ లేవాలి."

"మూడు వారాలన్నా తడపాలని మీరే చెప్పారు."

"మట్టికి ఓపిక ఎక్కువమ్మా."

"మట్టికి ఉంటుంది సార్. అందులో వేసిన సిమెంటుకి ఉండదు. అదీ మీరే చెప్పారు."

"క్లాసు వేరు, సైటు వేరు." ఆయన నవ్వుతూనే అన్నాడు. "ముందు పని నేర్చుకో. ప్రశ్నలు తర్వాత నేర్చుకోవచ్చు."

ఇలాంటి తప్పు కూలీ చెయ్యడు, కాంట్రాక్టరు కూడా చెయ్యడు. వాళ్ళకి కాలేజీ క్యాలెండరుతో పనిలేదు. పది రోజుల్లో మొదలుపెట్టి, పది రోజుల్లో ముగించి, ఫోటో దిగాలి కాబట్టి ఇటుక కూడా పది రోజుల్లో గట్టిపడాలని నిర్ణయించగలిగేది విద్యాసంస్థ ఒక్కటే. సిమెంటుకి టైంటేబుల్ ఇచ్చారు.

ఆమె కట్టింది. మార్కులు కావాలి, కట్టింది. బావ డబ్బు నీళ్ళపాలు కాకూడదు, కట్టింది. మూలలు మాత్రం తిన్నగా తిప్పింది. పనికిమాలిన గోడని అంత తిన్నగా కట్టినందుకు రోజూ సాయంత్రం బస్సులో తనని తాను తిట్టుకునేది.

గోడ భుజం ఎత్తుకి లేచాక కాపలాదారు భార్య నీళ్ళకని వచ్చింది. గోడ మీద వేలితో గీసింది. వేలి వెంట మట్టి వచ్చింది. వేలు చూసుకుంది, అమ్మాయిని చూసింది. అడిగింది. "సార్‌ని అడిగి చెబుతానండీ" అన్న జవాబు విని, "సరే, అడిగే చెప్పు" అని బకెట్టు నింపుకుని పోయింది.

ఆమె అడిగింది కూడా. మట్టిమాస్టారు, "ఇప్పుడు వాళ్ళుంటున్నది రేకుల షెడ్డులో. దానికంటే ఇది నయమేగా" అన్నాడు. మూలమట్టానికి కళ్ళముందు కుట్టుమిషను కదిలింది. 'దానికంటే నయమేగా' అనే మాట మీదే లోకంలో సగం గోడలు లేచాయి. తన ఇంటి గోడ కట్టినవాడు కూడా అదే అనుకునుంటాడు.

ఆ మర్నాడు పెద్దింటి యజమాని కారు దిగాడు. మంచి మనిషే పాపం, చేతిలో బిస్కెట్ల పొట్లాలున్నాయి. చుట్టూ చూసి, "మీరంతా భలే చురుగ్గా చేస్తున్నారే!" అన్నాడు. పిల్లలకి బిస్కెట్లు పంచుతూ, "కూలి లెక్కంతా మీ సార్‌కి ముందే ఇచ్చేశాను. ఇవి మాత్రం నా తరఫున" అన్నాడు.

నిచ్చెన నోట్లో బిస్కెట్టు అలాగే ఆగిపోయింది. "కూలి ఏంటి?" అన్నాడు గొణుగుతూ.

"మనది" అంది మూలమట్టం. "మనం ఆయనకి ఫీజు కట్టాం. ఈయన ఆయనకి కూలి కట్టాడు. మధ్యలో పని మనం చేశాం. మా బావ లారీలో కూర్చునే కనిపెట్టేశాడు, మనకి మూడేళ్ళు పట్టింది."

"వెళ్ళి అడుగుదామా?"

"అడగడం అయిపోయింది."

ముగింపు రోజు. షామియానా, కుర్చీలు, మైకు. అతిథి వచ్చారు, పత్రికవాళ్ళు వచ్చారు. గోడ లేచింది, పైన రేకులు ఇంకా వెయ్యలేదు. మట్టిమాస్టారు మైకు అందుకుని, మట్టి ఒడి గురించి, తల్లి గురించి మొదలుపెట్టాడు. మూలమట్టం మిగిలిపోయిన ఇటుకల్లోంచి ఒకటి తెచ్చి, నీళ్ళ బకెట్లో వేసి, వేదిక ముందు పెట్టి వచ్చి కూర్చుంది. అలంకారమేదో అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. ఉపన్యాసం సాగుతోంది. నీళ్ళు గోధుమరంగు తిరిగాయి. అతిథి వంగి చూశాడు. ఫోటోగ్రాఫరూ చూశాడు.

ఉపన్యాసం అయి చప్పట్లు మోగాక ఆమె లేచి బకెట్లో చెయ్యి పెట్టింది. ఇటుక రాలేదు. గుప్పెడు బురద వచ్చింది.

"సార్, రేకులు వెయ్యకముందే గోడ దింపేద్దాం. ఇందులో వాళ్ళు పడుకోవాలి."

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆ మాట అందరికీ వినబడింది. మట్టిమాస్టారు మైకు మీద అరచెయ్యి పెట్టి, మొదటిసారి నవ్వకుండా, "కూర్చో. నీ మార్కులు ఇంకా వెయ్యలేదు" అన్నాడు. ఆ మాట ముందు వరసలకి వినబడింది.

షామియానా పక్కన కాపలాదారు భార్య చంటిదాన్నెత్తుకుని నిలబడి ఉంది. మూలమట్టం ఆవిడ వైపు తిరిగింది.

"పడుకోనండీ" అంది. "మీరడిగారుగా. నేనైతే పడుకోను."

అని నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి పై వరస పట్టుకుని లాగింది. గునపం వెతకబోయింది గానీ దాని అవసరం రాలేదు. ఇటుకలు చేత్తోనే ఊడొచ్చాయి, కొన్ని చేతిలోనే చితికిపోయాయి. నిచ్చెన వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనికి పై వరసలు బాగా అందుతాయి. మిగతావాళ్ళలో కొందరు "ఆపండ్రా, ఫెయిలైపోతాం" అని అరిచారు, కొందరు ఎటూ తేల్చుకోలేక బిస్కెట్లు నమిలారు.

"ఇది విధ్వంసం!" అన్నాడు మట్టిమాస్టారు.

"కాదు సార్, కూల్చడం. అదొక్కటే సిలబస్‌లో లేదు."

అతిథి భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. పత్రికలో ఫోటో పడింది, అది ఉపన్యాసం ఫోటో. బకెట్టు కనబడకుండా కింద కత్తిరించారు.

కథలో అయితే ఆ సాయంత్రమే అందరికీ బుద్ధి రావాలి. రాలేదు. ఆమెనీ నిచ్చెననీ ఆ సబ్జెక్టులో ఫెయిల్ చేశారు. విచారణ సంఘం కూర్చుంది. ఇటుకలెందుకు తడపలేదని సంఘం అడగలేదు, అనుమతి లేకుండా గోడ ఎందుకు ముట్టుకున్నావని అడిగింది. కూలి డబ్బు మాట ఆమె రెండుసార్లు ఎత్తింది. "అది విషయానికి సంబంధించింది కాదు" అని రెండుసార్లూ అన్నారు. గోడ ఖరీదు ఆమె కట్టాలని తేల్చారు. తమ చేతులతో కట్టి, తమ ఫీజుతో కట్టి, ఇంకొకాయన కూలి డబ్బుతో కట్టిన గోడకి మూడోసారి ఖరీదు! బావ విని పడీ పడీ నవ్వాడు, తర్వాత హఠాత్తుగా ఆపేసి, "వాళ్ళ ఆఫీసు ఎక్కడే? లారీ తీసుకెళ్తా" అన్నాడు. అమ్మ మాత్రం కుట్టుమిషను ఆపలేదు. "ఆ గదిలో ఎవరూ పడుకోలేదుగా, అది చెప్పు ముందు" అంది.

పడుకోలేదు. జనం ముందు పరువు పోయిన యజమాని, కాంట్రాక్టరు చేత కాల్చిన ఇటుకతో ఆ గది కట్టించాడు. పునాది మీద తేమ ఆపే పొర కూడా పడింది. మూలమట్టం ఎవరూ అడక్కుండానే రోజూ వెళ్ళి అక్కడ నిలబడేది. కాంట్రాక్టరు విసుగెత్తి వేయించాడు. గృహప్రవేశంలో ఉపన్యాసాలేమీ లేవు. కాపలాదారు భార్య కృతజ్ఞతలు కూడా చెప్పలేదు. "ఇదివరకటి దాంట్లో కిటికీ పెద్దది. దీంట్లో చిన్నదైపోయింది, నువ్వు చూసుకోవద్దూ?" అని దెబ్బలాడింది. మూలమట్టానికి ఆ దెబ్బలాట ఏ భేష్ కంటే ఎక్కువ నచ్చింది. తన గది గురించి దెబ్బలాడుతున్న మనిషి అందులో ఉండబోతోందన్నమాట.

ఆ సబ్జెక్టు మరుసటి ఏడు ఇంకో అధ్యాపకురాలి దగ్గర రాసి పాసైంది. ఇప్పుడు చిన్న చిన్న ఇళ్ళు కట్టిస్తోంది. ఎక్కువగా ఒకటి రెండు గదులవి, అద్దెకిచ్చేవి. మట్టి ఇటుకలు కూడా వాడుతుంది. మట్టి మీద ఆమెకి ఏ కోపమూ లేదు. వారాల తరబడి తడిపించి, ఒకటి బకెట్లో వేసి, మర్నాడు తీసి చూశాకే పేర్చనిస్తుంది. "ఇంత ఆలస్యమేంటమ్మా, ముహూర్తం దాటిపోతోంది" అని యజమానులు తిడతారు. "మీరు పడుకుంటారా, అద్దెకిస్తారా?" అని అడుగుతుంది. అద్దెకే అంటే ఇంకో వారం తడిపిస్తుంది. ఆమెతో రెండోసారి పని చేయించుకున్నవాళ్ళు తక్కువ. ఆ ఇళ్ళల్లో అద్దెకున్నవాళ్ళు మాత్రం ఖాళీ చెయ్యరు.

మట్టిమాస్టారికి ఆ తర్వాత పెద్ద బహుమతి వచ్చింది. వర్క్‌షాపు ఇప్పటికీ ఏటా జరుగుతుంది. విమర్శల్ని గౌరవించి పది రోజులని పన్నెండు చేశారు.

బావ దగ్గర తీసుకున్న ఫీజు డబ్బు మూలమట్టం మొదటి సంపాదనతోనే తీర్చేసింది. కాలేజీ గోడ ఖరీదు ఇంకా ఆమె పేరు మీదే బాకీ ఉంది. అది కట్టేదాకా డిగ్రీ పట్టా ఇవ్వరు. ఆమె ఇంతవరకూ చిల్లిగవ్వ కట్టలేదు.